సర్ థామస్ మన్రో

సర్ థామస్ మన్రో (1761 మే 27 – 1827 జులై 6) ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి. దత్త మండలాలకు తొలి ప్రధాన కలెక్టరుగా, తర్వాత మద్రాసు గవర్నరుగా పనిచేశాడు. ప్రభుత్వం నేరుగా రైతు నుంచే శిస్తు తీసుకునే రైత్వారీ పద్ధతిని రాయలసీమలో పాదుకొల్పినవాడు.

గ్లాస్గోలో పుట్టిన మన్రో 1780లో పదాతిదళ క్యాడెట్‌గా మద్రాసు చేరాడు. హైదర్ అలీ, టిప్పు సుల్తాన్‌లతో జరిగిన యుద్ధాల్లో పాల్గొన్నాడు. 1792 నుంచి బారామహల్‌లో అలెగ్జాండర్ రీడ్ కింద రెవెన్యూ పని నేర్చుకున్నాడు.

1800లో నిజాం బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను కంపెనీకి అప్పగించాడు; ఇవే దత్త మండలాలు. మన్రో అనంతపురంలో మకాం పెట్టి 1807 వరకు పాలన సాగించాడు. సొంత బలగాలున్న సుమారు 80 మంది పాళెగాళ్లను సైన్యంతో అణచి, ఆపై భూముల కొలత మొదలుపెట్టించాడు. కొలతకు 33 అడుగుల గొలుసు వాడేవారు. గొలుసు పొడవున్న చదరాలు 40 అయితే ఒక ఎకరం. మెట్ట, మాగాణి, తోట అని నేలను విడదీసి, సారాన్ని బట్టి శిస్తు కట్టారు.

వానలు నిలకడగా లేని ఈ నేలకు ఆ శిస్తు బరువేనని మన్రో గుర్తించాడు. మెట్ట, మాగాణులకు 25 శాతం, తోటలకు 33 శాతం తగ్గించాలని 1807లో సిఫారసు చేశాడు. పైవారు ఒప్పుకోలేదు. ఆయన సీమ విడిచాక రైత్వారీని పక్కనపెట్టి ఊళ్లను గుత్తకిచ్చారు. గుత్తదారులు చాలామంది చితికిపోయారు. 1820లో గవర్నరయ్యాక మన్రో ఆ తగ్గింపులను తానే అమలు చేసి, రైత్వారీని తిరిగి నెలకొల్పాడు.

ఈ పద్ధతిలో రైతుకు తన పొలంపై హక్కు స్థిరపడింది, మధ్యవర్తుల పెత్తనం తగ్గింది. అయితే శిస్తు నగదుగానే చెల్లించాల్సి వచ్చేది. కలెక్టరుగా మన్రో అమలుచేసిన ఏర్పాటులో ఒక రైతు కట్టలేని బాకీని 10 శాతం మేరకు ఊరివారిపై వేసేవారు. కరవు ఏళ్లలో ఇది పేదరైతుకు పెద్ద భారమే అయ్యేది.

పదవి విడిచి స్వదేశానికి వెళ్లేముందు సీమలో పర్యటిస్తూ మన్రో పత్తికొండలో కలరాతో మరణించాడు. గుత్తిలో ఖననం చేసి, 1831లో అవశేషాలను మద్రాసు సెయింట్ మేరీ చర్చికి తరలించారు. గుత్తిలో ఆయన పేరిట సత్రం కట్టారు. సీమ రైతులు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు.