మస్టరు పుస్తకం

మేం ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొని రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో అది ఎక్కిన ఎత్తైన ప్రదేశం గుడి పార్కింగ్‌లోని స్పీడ్ బ్రేకరేనని మా ఆవిడ అందరికీ చెబుతూ ఉంటుంది. ఆ మాటలో అన్యాయమేమీ లేదు. కాపెల్‌లో కొండలుండవు. చదును నేల, ఇటుక ఇళ్ళు, స్కూళ్ళు, ప్రతి రెండో వీధిలో ఒక తెలుగు కుటుంబం. అడవి చూడాలంటే ఆగ్నేయంగా మూడు గంటల పైన ప్రయాణం చెయ్యాలి. నాన్న ఆరు నెలలు ఉండటానికి వచ్చారు కదా, ఆ వంకతోనైనా బండిని బురదలోకి దింపుదామని ఒక శనివారం పొద్దున్నే బయల్దేరాం. వెనక సీట్లో నాన్న, పదకొండేళ్ళ మా అమ్మాయి, వాళ్ళిద్దరి మధ్య పులిహోర డబ్బా.

బయల్దేరే ముందు మా ఊరి గురించి ఒక ముక్క చెప్పాలి. దాన్ని కొత్తగా కట్టిన సబర్బు అనుకుంటాం గానీ పేరు మాత్రం పాతదే. మొదట్లో దీన్ని గిబ్స్ స్టేషన్ అనేవారు. తర్వాత రైల్వేతో సంబంధమున్న జార్జ్ కాపెల్ అనే ధనవంతుడి పేరు పెట్టారు. 1843లో శామ్ హ్యూస్టన్ ఇక్కడి గ్రేప్‌వైన్ స్ప్రింగ్స్ దగ్గర విడిది చేసి, ఒప్పందం కోసం ఆదివాసీ నాయకులు వస్తారని ఎదురు చూశాడు. ఆ ఊటల చుట్టూ ఉన్న రాతి గోడలు 1930ల నాటి ఉపాధి పనుల్లో కట్టినవి. మా అమ్మాయి ఆ గోడల మీద నడుస్తూ పెరిగింది. ఆ రాళ్ళు పేర్చింది ఎవరని నేను ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ ఆలోచన నాకు నాన్న పుణ్యమా అని వచ్చింది.

డాలస్ దాటి ఇంటర్‌స్టేట్ 45 మీద దక్షిణంగా వెళ్ళి, సెంటర్‌విల్ దగ్గర హైవే 7 ఎక్కి తూర్పుకి తిరిగితే క్రాకెట్ అనే చిన్న ఊరు వస్తుంది. అది దాటాక గడ్డి మైదానాలు పోయి పైన్ చెట్లు మొదలవుతాయి. అదే డేవీ క్రాకెట్ నేషనల్ ఫారెస్ట్, సుమారు లక్షా అరవై వేల ఎకరాలు. అందులో అటవీశాఖ వాళ్ళ మట్టిరోడ్లు చాలా ఉన్నాయి. ఏ రోడ్డు మీద బండి నడపొచ్చో వాళ్ళే మ్యాపు ఇస్తారు. అది ముందే ఫోన్లో దించుకోవాలి, లోపలికెళ్ళాక సిగ్నల్ ఉండదు. మ్యాపులో లేని దారిలోకి చక్రం పెట్టకూడదు.

ముందురోజు వాన పడింది. తూర్పు టెక్సాస్ ఎర్రమట్టి తడిస్తే సబ్బులా జారుతుంది. టైర్లలో గాలి కొంచెం తీసి, గేరు ఫోర్ లో పెట్టి, ఊపిరి బిగబట్టి నడుపుతున్నాను. మా ఆవిడ వీడియో తీస్తోంది. నేను పెద్ద సాహసం చేస్తున్నానని నా నమ్మకం. నాన్న మాత్రం కిటికీ లోంచి చూస్తూ, "రోడ్డుకి వాలు బాగానే ఇచ్చారురా, నీళ్ళు పక్కకి పోతన్నాయి. ఎవరేసేరేటి దీన్ని?" అన్నారు.

ఆ ప్రశ్నకి సమాధానం తర్వాత రాట్‌క్లిఫ్ చెరువు దగ్గర కొంత దొరికింది, ఇంటికొచ్చాక చదివితే ఇంకొంత.

ఈ అడవి పాతది కాదు. పంతొమ్మిదో శతాబ్దం చివర రైళ్ళు వచ్చాక కలప కంపెనీలు తూర్పు టెక్సాస్ మీద పడ్డాయి. రాట్‌క్లిఫ్‌లో కాన్సస్ సిటీకి చెందిన సెంట్రల్ కోల్ అండ్ కోక్ కంపెనీ పెద్ద రంపపు మిల్లు పెట్టింది. పేరులో నాలుగు 'సి'లు ఉన్నాయని జనం దాన్ని ఫోర్ సి మిల్లు అన్నారు. 1902 నుంచి 1920 వరకు చుట్టుపక్కల అడవిని నరికి, కోసి, రైలెక్కించారు. దుంగలు తేవడానికి అడవిలోకి సన్నని ట్రామ్ పట్టాలు వేశారు. ఒక చోట చెట్లు అయిపోతే పట్టాలు పీకి ఇంకో చోట పరిచారు. చెట్లన్నీ అయిపోయాక మిల్లు మూసుకుని వెళ్ళిపోయారు. దుంగలు నానబెట్టిన చెరువే ఇప్పుడు పిల్లలు ఈతకొట్టే రాట్‌క్లిఫ్ లేక్. ఆ ట్రామ్ కట్టల మీదుగా కొంత దూరం నడిచే ఇరవై మైళ్ళ కాలిబాట పేరు నేటికీ ఫోర్ సి ట్రెయిలే.

మిల్లుల్లో పనిచేసిన వాళ్ళలో పేద తెల్లవాళ్ళూ ఉన్నారు, నల్లవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ కాలపు మిల్లు ఊళ్ళలో ఇల్లు కంపెనీది, కొట్టు కంపెనీది. చాలాచోట్ల జీతం కూడా కంపెనీ కొట్టులో మాత్రమే చెల్లే చీటీల రూపంలో ఇచ్చేవారు. ఇక్కడికి ఉత్తరాన రస్క్, పాలస్తీన్ ఊళ్ళ మధ్య ఇప్పుడు టూరిస్టులు ఆవిరి రైలెక్కి మురిసిపోతారు. ఆ టెక్సాస్ స్టేట్ రైల్‌రోడ్ పట్టాలు వేసింది జైలు ఖైదీలు.

నరికేసిన బీడునేలని 1930ల్లో ప్రభుత్వం కంపెనీల దగ్గర కొని, 1936లో నేషనల్ ఫారెస్టులుగా ప్రకటించింది. డిప్రెషన్ రోజులవి. పనిలేని కుర్రాళ్ళని సివిలియన్ కన్జర్వేషన్ కోర్ అనే పథకంలో చేర్చుకుని మొక్కలు నాటించారు, రోడ్లు వేయించారు, రాట్‌క్లిఫ్ లేక్ పార్కు కట్టించారు. నెలకి ముప్పై డాలర్ల జీతం, అందులో ఇరవై అయిదు తిన్నగా ఇంటికి పంపేవారు. ఇంట్లో వాళ్ళు పస్తులుండకూడదని ఆ ఏర్పాటు. పదేళ్ళు నిండకుండానే, 1942లో, యుద్ధం వల్ల పథకం ఆగిపోయింది.

అంతకన్నా ముందు కూడా ఇక్కడ దారులుండేవి. కాడో జాతి వాళ్ళ కాలిబాటల మీదుగానే స్పానిష్ వాళ్ళు తమ రాజమార్గం నడిపారు. కొంచెం ఉత్తరంగా వెళ్ళే హైవే 21 చాలా దూరం ఆ బాట వెంటే పోతుంది. టెక్సాస్ అన్న పేరే కాడో భాషలో స్నేహితుడు అనే మాట నుంచి వచ్చింది. ఆ స్నేహితుల్ని 1859లో టెక్సాస్‌లో లేకుండా ఓక్లహోమాకి తరలించారు.

ఇదంతా చెరువు గట్టు మీద పులిహోర తింటూ మా అమ్మాయికి తెలిసినంత మట్టుకి చెబుతున్నాను. కొన్ని చెట్లకి పెయింటు పట్టీలు కనిపిస్తే నాన్న, "అవి కూపు కొట్టడానికేసిన గుర్తులా?" అని అడిగారు. కావు, తిరగబడి ఉంది వ్యవహారం. అవి ఎర్రతురాయి వడ్రంగిపిట్టలు గూడు పెట్టుకున్న పైన్ చెట్లు, కొట్టకూడదని గుర్తు. నాన్న కాసేపు నవ్వి, "మన లంబసింగి దారి ఎవరేసేరో తెలుసా నీకు?" అన్నారు.

తెలుసనే అనుకున్నాను. మాది నర్సీపట్నం. నాన్న చింతపల్లి వైపు బళ్ళలో టీచరుగా చేశారు. అల్లూరి సీతారామరాజు కథ మాకు పుస్తకాల్లో నేర్పక్కర్లేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషను, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో స్కాట్ కవర్డ్, హేటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోవడం. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజుని కాల్చి చంపడం. ఈ తేదీలు మా బళ్ళో పిల్లలందరికీ కంఠతా వచ్చు.

రోడ్డు సంగతి మాత్రం ఆ పాఠంలో ఒక్క వాక్యమే ఉండేది. మన్యంలో అప్పటికే 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వల్ల పోడు మీద, వంటచెరుకు మీద, పశువుల మేత మీద ఆంక్షలున్నాయి. వాటికి తోడు గూడెంలో డిప్యూటీ తహసీల్దారుగా ఉన్న బాస్టియన్ నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు వేయించాడు. బలవంతంగా మనుషుల్ని పనికి తోలడం, కూలి సరిగ్గా ఇవ్వకపోవడం, అడిగితే కొట్టడం. ఆ రోడ్డు పని తిరుగుబాటుకి ముఖ్య కారణాల్లో ఒకటని చరిత్రకారులందరూ రాస్తారు. రాజు వెంట నడిచిన గాం గంటందొర, మల్లుదొర సోదరులు బాస్టియన్ చేతిలో నష్టపోయినవాళ్ళే. మల్లుదొర అండమాన్ జైలు చూసి వచ్చి, 1952లో మొదటి లోక్‌సభకి ఎన్నికయ్యాడు.

ఆ రోడ్డు కావలసింది ఎవరికి? కొండవాళ్ళకి కాదు, వాళ్ళకి కాలిబాటలున్నాయి. దామనపల్లిలో పోలీసులు ఒకరి వెనక ఒకరు నడవాల్సిన ఇరుకు దారిలో చిక్కుకున్నారు. బండి పోయే రోడ్డుంటే కలప కిందికి దిగుతుంది, పోలీసులు పైకి ఎక్కుతారు. నా లెక్కలో రాట్‌క్లిఫ్ ట్రామ్ పట్టాలకీ మన ఘాట్ రోడ్డుకీ ఆ వరకు పెద్ద తేడా లేదు. తేడా ఒక్కటే, ఇక్కడ దుంగలతో సరిపెట్టారు, అక్కడ దుంగలతోపాటు తుపాకులు కూడా తిరిగాయి.

ఇదంతా నేను చెబుతుంటే నాన్న వింటూ పులిహోరలో పల్లీలు ఏరుతున్నారు. చివరికి, "మా తాత ఆ రోడ్డు పనిలో మస్టరు రాసేడు," అన్నారు.

మా ఇంట్లో చిన్నప్పటినుంచీ ఒక మాట ఉంది: ముత్తాత అల్లూరి కాలంలో అడవిలో పనిచేశాడని. దాన్ని మేం గర్వంగానే చెప్పుకునేవాళ్ళం. రాజుకి సాయం చేశాడేమోనని నేను బళ్ళో నా స్నేహితుల దగ్గర కోశాను కూడా. అసలు సంగతి వేరు. ఇరవై ఏళ్ళు కూడా సరిగ్గా నిండని కుర్రాడు, అక్షరం ముక్క వచ్చినవాడు, ఒక కంట్రాక్టరు దగ్గర గుమస్తాగా చేరాడు. పొద్దున్న ఎంతమంది పనికొచ్చారో, సాయంత్రం ఎవరికి ఎంత ఇచ్చారో రాయడం పని. పుస్తకంలో ఒక కూలి, చేతిలో ఒక కూలి. పక్కన వేలిముద్ర.

"తాతే చెప్పేడా?"

"ముసలైపోయాక చెప్పేడు. నాకు పదేళ్ళుంటాయి. రాసింది నేనే గానీ పంచింది నేను కాదురా, అనేవాడు. అడక్కుండానే అనేవాడు."

మా ఆవిడ డబ్బా మూత పెట్టడం ఆపేసింది. మా అమ్మాయికి సగం అర్థమయింది, "వాళ్ళకి డబ్బులు ఇవ్వలేదా తాతయ్యా?" అంది. "కొంత ఇచ్చేరమ్మా," అన్నారు నాన్న. కాసేపాగి నా వైపు తిరిగి, "ఆ డబ్బుతోనే మనకి నర్సీపట్నం ఇల్లు," అన్నారు.

ఆ ఇల్లు 2004లో అమ్మేశాం. నా ఎమ్మెస్ మొదటి రెండు సెమిస్టర్ల ఫీజు అందులోంచే కట్టాం. ఇది నాన్న అనలేదు, అనవలసిన అవసరం కూడా లేదు. నేను మాత్రం బండి తాళాలు చేతిలో తిప్పుతూ చాలాసేపు అక్కడే కూచున్నాను. ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టలేను. ఆ వయసులో, ఆ ఇంట్లో పుట్టి ఉంటే నేనూ రాసేవాణ్ణే. అలాగని పోనీలే అని ఊరుకోలేకపోతున్నాను కూడా. వంద మంది వేలిముద్రలు వేసిన పుస్తకం ఒకటి మా ఇంట్లో ఉండేదంటే, ఆ పేర్లు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా.

తిరుగు దారిలో ఒక మలుపు దగ్గర బండి నిజంగానే దిగబడింది. చక్రాలు తిరుగుతున్నాయి గానీ కదలటం లేదు. అప్పటికి నా సాహసం సరదా తీరిపోయింది. డెబ్భై ఆరేళ్ళ నాన్న చెప్పులు విప్పి, ప్యాంటు మడిచి దిగి, పక్కనున్న ఎండు పైన్ కొమ్మలు తెచ్చి ముందు చక్రాల కింద పరిచారు. చింతపల్లి రోజుల్లో వానాకాలం జీపు దిగబడితే ఇలాగే చేసేవారట. మా అమ్మాయి కూడా చెప్పులు విప్పేసి తాతయ్య వెంట కొమ్మలు మోసింది. రెండో ప్రయత్నానికి బండి బయటికొచ్చింది.

లంబసింగికి ఇప్పుడు డిసెంబరు, జనవరుల్లో విశాఖ నుంచి తెల్లవారుజామున పొగమంచు చూడటానికి కార్లు బారులు తీరతాయి. పోయినసారి ఊరెళ్ళినప్పుడు మేమూ వెళ్ళాం. ఘాటీ మలుపులో ఆగి ఫోటోలు దిగాం, వేడి టీ తాగాం. 2022లో ఏర్పడిన జిల్లాకి అల్లూరి సీతారామరాజు పేరే పెట్టారు. ఆ మలుపు తవ్వినవాళ్ళ పేర్లు దారిలో నాకెక్కడా కనిపించలేదు. ఆ రోజు నేను వెతకలేదు కూడా.

ఇంటికొచ్చాక ఆ రాత్రే నర్సీపట్నంలో ఉన్న చిన్నాన్నకి ఫోన్ చేశాను. ఇల్లు అమ్మినప్పుడు పాత ట్రంకుపెట్టె ఆయనే తీసుకెళ్ళాడు. అందులో దస్తావేజులు, జాతకాలు, ఏవో లెక్కల పుస్తకాలు ఉండాలి. సగం చెదలు తినేసి ఉంటాయిరా, ఇప్పుడవెందుకు నీకు అన్నాడు. ఎందుకో చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. ఆ తర్వాత, సంక్రాంతికి అటక దులిపినప్పుడు దింపి చూస్తానన్నాడు.