ఆదివారం పనికి రాము



పోయిన నెల ఒక హాస్టల్లో మాట్లాడుతుంటే ఒక చెల్లి లేచి అడిగింది. "అన్నా, మీరు అంబేద్కర్ గురించి ఇంత చెబుతారు. ఆదివారం వస్తే బైబిలు పట్టుకుని చర్చికి పోతారు. అక్కడ మీకేం దొరుకుతుంది?" నాకు వెంటనే జవాబు తోచలేదు. అటూ ఇటూ తిప్పి ఏదో చెప్పి కూర్చున్నాను. ఈ భాగం ఆ చెల్లి కోసం రాస్తున్నాను.

మా అమ్మ మున్సిపాలిటీలో కాంట్రాక్టు మీద రోడ్లు ఊడ్చేది. తెల్లారి ఐదింటికి మస్టరు. ఆదివారమైనా అంతే, రాకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. పని దిగి, ఇంటికొచ్చి, తలకు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని చర్చికి చేరేసరికి ప్రసంగం సగం అయిపోయేది. వెనక చాప మీద, చెప్పులు విడిచేచోటికి దగ్గరగా కూర్చునేది. నాకు పదమూడేళ్ళప్పుడు ఒక ఆదివారం అయ్యగారు పది ఆజ్ఞల మీద చెబుతూ నాలుగోదాని దగ్గర ఆగారు. నిర్గమకాండం ఇరవయ్యో అధ్యాయం. దేవుడు ఆరు రోజుల్లో లోకాన్ని చేసి ఏడో రోజు విశ్రమించాడు, కాబట్టి మీరూ ఆ దినాన్ని పరిశుద్ధంగా ఉంచాలి. అక్కడితో ఊరుకోలేదు. కూలి డబ్బుల కోసం దేవుని దినాన్ని అమ్ముకునేవాళ్ళు మన సంఘంలో కూడా ఉన్నారన్నారు. పేరు చెప్పలేదు. తలలు వెనక్కి తిరిగాయి. అమ్మ కొంగు నెత్తి మీదికి ఇంకాస్త లాక్కుంది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు నేను చర్చికి పోలేదు.

యూనివర్సిటీలో ఉన్నప్పుడు, ఎవరితోనో వాదన కోసం, ద్వితీయోపదేశకాండం తిరగేశాను. ఐదో అధ్యాయంలో అవే పది ఆజ్ఞలు మళ్ళీ వస్తాయి. కానీ నాలుగో ఆజ్ఞకు చెప్పిన కారణం వేరు. సృష్టి ఊసే లేదు. నీ దాసుడూ నీ దాసీ నీలాగే విశ్రాంతి తీసుకోవాలి, ఐగుప్తులో నువ్వూ దాసుడివేనని మరచిపోకు అని ఉంది. ఎద్దుకూ గాడిదకూ కూడా ఆ రోజు సెలవే. రెండుసార్లు చదివాక అర్థమైంది, ఈ ఆజ్ఞ బరువంతా పని చేయించుకునేవాడి మీద ఉంది. మా అమ్మకు దాసులు లేరు, ఎద్దు లేదు. ఆ ప్రసంగం వినాల్సిన కాంట్రాక్టరు ఆ రోజు చర్చిలో లేడు.

ఇది పుస్తకంలో నేను వెదికి పట్టిన కొత్త అర్థం అనుకుని కొన్నాళ్ళు మురిసిపోయాను. తర్వాత ఒంగోలు చరిత్ర చదివితే, అక్షరం రాని మా పెద్దలు నూరేళ్ళకు ముందే దాన్ని బతికి చూపించారని తెలిసింది.

ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ. తోళ్ళ వ్యాపారం చేసేవాడు. అంతకు ముందే రాజయోగ సాధనలో ఉన్నవాడు, గురువుగా నలుగురికి చెప్పగలిగినవాడు. వ్యాపారం కోసం ఉత్తరంగా ఏలూరు వైపు తిరుగుతూ క్రీస్తు మాట విన్నాడు. 1866లో ఆయన, భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టిందీ ఆ ఏడాదే. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైంది, ఎనిమిది మందితో.

తర్వాత జరిగింది మన చర్చిల్లో బాగా చెప్పుకునే కథ. మాదిగలను చేర్చుకుంటే మేం రామని పై కులాలవాళ్ళు క్లౌ మీద ఒత్తిడి తెచ్చారు. ఏం చేయాలో తోచక ఆయనా ఆయన భార్యా వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ ఒకే చోటు తెరుచుకుందట. మొదటి కొరింథీ ఒకటో అధ్యాయం, లోకం నీచమన్నవారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న భాగం. దాంతో మాదిగల వైపే నిలబడ్డారు. క్లౌ నిర్ణయం గొప్పదే, కాదనను. కానీ ఆ కథ చెప్పేటప్పుడు మనవాళ్ళు బైబిలు తెరుచుకోవడం దగ్గర ఆగిపోతారు. ఆ పేజీ తెరుచుకోకముందే పేరయ్య తన కాళ్ళ మీద నడిచి వచ్చాడు. మా అయ్యగారు కూడా ఈ భాగాన్ని మమ్మల్ని అణకువగా ఉండమనడానికే వాడేవారు. నీచమన్నది ఎవరు, ఎన్నుకున్నది ఎవరు అన్న తేడా అక్కడే మాయమైపోతుంది.

చేరినవాళ్ళకు మొదట్లో పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. వీటిని మతం మాటలుగా చదివితే సగమే తెలుస్తుంది. ఆనాటి ఊళ్ళో మాదిగ పని ఏమిటో గుర్తు తెచ్చుకోండి. రైతులకు చెప్పులు, బావిలో నీళ్ళు తోడే తోలు సంచులు కుట్టాలి, కోతకు పోవాలి, జాతరలో డప్పు కొట్టాలి. బదులుగా కళ్ళంలో కొంత గింజ, చచ్చిన గొడ్డు. పిలిస్తే పోవడమే గానీ రాను అన్న మాట ఆ ఏర్పాటులో లేదు. అలాంటి మనిషి ఏడు రోజుల్లో ఒక రోజు నాది అన్నాడు. జాతరలో డప్పు కొట్టనన్నాడు. రెడ్లకూ కరణాలకూ మండింది అందుకే. ఆ కొత్త క్రైస్తవులను పీడించారని క్లౌ రాతలు చెబుతున్నాయి. యేసును నమ్మితే వాళ్ళకు పోయేదేం లేదు, కోత రోజున మనిషి రాకపోతేనే పోతుంది.

(చచ్చిన గొడ్డు నియమం మీద మనలో వాదన ఉంది. మన తిండిని మిషనరీ చూపుతో చూడొద్దు అంటారు. నిజమే. కానీ 1927లో మహద్‌లో బాబాసాహెబ్ కూడా చచ్చిన గొడ్డు మాంసం మానేయమన్నారు. ఆ మాంసం వెట్టికి కట్టిన కూలి. తిండి సంగతి వేరు, కూలి సంగతి వేరు.)

ఇప్పుడు నిర్గమకాండం ఐదో అధ్యాయం చూడండి. మోషే ఫరో దగ్గరికి పోయి మొట్టమొదట అడిగింది రాజ్యం కాదు, భూమి కాదు. అరణ్యంలో దేవుణ్ణి కొలుచుకోవడానికి మూడు రోజుల ప్రయాణానికి విడిచిపెట్టమన్నాడు. ఫరో ఏమన్నాడు? వీళ్ళు సోమరులు, అందుకే సెలవంటున్నారన్నాడు. గడ్డి ఇవ్వడం ఆపి, ఇటుకల లెక్క మాత్రం తగ్గించొద్దన్నాడు. మస్టరు దగ్గర మేస్త్రి నోట అమ్మ ఎన్నిసార్లు విన్నదో ఆ మాట!

బొంబాయి మిల్లు కార్మికులకు ఆదివారం సెలవు దొరికింది 1890లో. ఫూలే అనుచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ళ తరబడి పోరాడితే వచ్చింది. మన కార్మిక చరిత్రలో ఆ తేదీ గౌరవంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి. దానికి ఇరవై ఏళ్ళు ముందే ఒంగోలు పల్లెల్లో మాదిగలు వారం సెలవు కోసం దెబ్బలు తిన్న సంగతి మాత్రం మతమార్పిడి ఖాతాలో పడిపోయింది. గంజి కోసం మారారన్న నింద ఇప్పటికీ వింటాం. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. తిరిగి మొదలయ్యాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది నీళ్ళలోకి దిగారు. గంజి పంచడం అయిపోయాక వచ్చినవాళ్ళు వీళ్ళు.

నేను మళ్ళీ చర్చికి పోతున్నది ఈ చరిత్ర తెలిశాకే. అమ్మకు ద్వితీయోపదేశకాండం చదివి వినిపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "ఇది మా మేస్త్రికి ఎవరు చదివి చెప్తార్రా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

అమ్మ ఇప్పుడు పనికి పోవడం లేదు. మా ఊళ్ళో కాంట్రాక్టు కార్మికులకు కూలి కోయకుండా వారానికో సెలవు ఇవ్వాలని మేం ఒక అర్జీ తయారుచేశాం. ఆరాధన అయ్యాక సంఘ పెద్దల ముందు పెట్టాను. ముగ్గురు సంతకం చేశారు. ఒకరు, చర్చిలో రాజకీయాలు ఎందుకన్నారు. మేం మాట్లాడుకుంటుండగానే ఒకామె బెంచీల కింద ఊడుస్తోంది, ప్రతి ఆదివారం ఊడ్చేది ఆమే. అర్జీ ఆమెకు చదివి వినిపిస్తే చీపురు పక్కన పెట్టి, పెన్ను అడిగి, కూడబలుక్కుంటూ పేరు రాసింది. ఆమెకు చర్చి ఇచ్చే జీతం ఎంత, సెలవు ఏ రోజు అని ఆ రోజు పెద్దల్ని అడగలేదు. వచ్చే ఆదివారం అడగాలి.

వచ్చే భాగం 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మీద.