నొప్పి పుట్టేదాకా కాదు, లెక్క తీరేదాకా

మహానంది చుట్టుపక్కల అరటి తోటల్లో గెలలు మోసేవాళ్లకూ, ఆళ్లగడ్డలో పొద్దంతా వంగి రాయి చెక్కే శిల్పులకూ నడుం నొప్పి కొత్తేమీ కాదు. ముందు బామ్, తర్వాత మందుల షాపు మాత్ర, ఆపైన నంద్యాల వెళ్లి స్కానింగు. "డిస్కు జారింది, బరువులెత్తొద్దు" అన్న మాట చెవిన పడగానే మనిషి మంచమెక్కుతాడు. మూడు నెలలు దాటినా తగ్గకపోతే ఇంట్లోవాళ్లే గొణుగుతారు, అంతా మనసులోనే ఉందని. వైద్యలోకం తీరూ చాలాకాలం ఇంతే. ఒంటిని చూసేవారు ఒకరు, మనసును చూసేవారు మరొకరు. వీళ్లను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి ఓ కుస్తీ వస్తాదు రావలసి వచ్చింది.

ఆయన జాన్ బోనికా. ఇటలీలో పుట్టి, అమెరికాలో పెరిగి, కుస్తీ డబ్బుతో వైద్యం చదివాడు. డాక్టరయ్యాక కూడా ముసుగేసుకుని గోదాలోకి దిగేవాడు. ఆ దెబ్బల నొప్పులు ఆయన్ను జీవితాంతం వదల్లేదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో వాషింగ్టన్ రాష్ట్రంలోని మాడిగన్ సైనిక ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా ఉండగా, గాయం మానినా నొప్పి మానని సైనికులు ఆయన దగ్గరికొచ్చారు. వాళ్లకేం చేయాలో పుస్తకాల్లో లేదు. దాంతో నరాల సర్జన్‌నీ, ఎముకల డాక్టరునీ, మానసిక వైద్యుణ్ణీ మధ్యాహ్న భోజనం దగ్గర కలుపుకుని, ఒక్కో రోగి గురించి చర్చ పెట్టేవాడు. నేటి పెయిన్ క్లినిక్‌కు మూలం ఆ భోజనాల బల్లే. ఆ అనుభవమంతా 1953లో 'ది మేనేజ్‌మెంట్ ఆఫ్ పెయిన్' అనే బృహద్గ్రంథమైంది.

మరి మనసుకూ నొప్పికీ దారి ఎక్కడుంది? దీనికి 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ 'సైన్స్' పత్రికలో జవాబు చెప్పారు. మన కె.సి. కాలువ మీద తూములాంటిది వెన్నుపాములోనూ ఉందన్నారు. కాలువ చూసే లస్కరు దాన్ని ఎత్తితే నీరు పారుతుంది, దించితే ఆగుతుంది. వెన్నుపాములోని లస్కరుకు కింద నరాల నుంచే కాదు, పైన మెదడు నుంచి కూడా ఆజ్ఞలొస్తాయి. భయం, దిగులు తూము ఎత్తిస్తాయి, ధైర్యం దించుతుంది. ఈ సిద్ధాంతంలో కొన్ని వివరాలు తర్వాత మారాయి గానీ మెదడు పెత్తనం మాత్రం నిలిచింది. మహానంది కోనేట్లో అయిదడుగుల నీళ్లలో నిలబడితే నడుం తేలికవడం భ్రమ కాదు. నీళ్లు ఒంటి బరువు మోస్తాయి, గుడి మనసును కుదుటపరుస్తుంది. గట్టెక్కాక ఏంటన్నదే సమస్య.

దాన్ని పట్టుకున్నవాడు విల్బర్ట్ ఫోర్డైస్. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో, వ్యాయామ చికిత్స చేసేవాళ్ల మధ్యే పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త. ఆయన గమనించింది చిన్న విషయం. రోగి వ్యాయామం మొదలుపెడతాడు, నొప్పి పుట్టగానే ఆపుతాడు. ఆపిన మరుక్షణం విశ్రాంతి, ఓదార్పు, మాత్ర అందుతాయి. అంటే నొప్పికి మనమే బహుమానాలిస్తున్నాం! ఫోర్డైస్ దీన్ని తిరగేశాడు. కుర్చీలోంచి పదిసార్లు లేవగలిగే మనిషికి మొదటి లెక్క ఎనిమిదే. ఎనిమిదయ్యాక, ఒంట్లో బాగున్నా సరే, కూర్చోవాల్సిందే. కొన్నాళ్లకు తొమ్మిది, ఆపైన పది. మాత్ర కూడా నొప్పిని బట్టి కాదు, గడియారాన్ని బట్టి. మోతాదు మెల్లగా తగ్గిస్తూ. మూలిగినప్పుడు కాదు, నడిచినప్పుడు నర్సు మెచ్చుకోవాలి. 1973లో ఈ పద్ధతి ఫలితాలు ప్రచురించాడు. కాస్త కటువుగా అనిపిస్తుంది, రోగి మనసులో ఏముందో పెద్దగా పట్టించుకోదు కూడా. అయినా ఈ కథలో అసలు మలుపు ఇదేనంటాను. మనసు వైద్యం, ఒంటి వైద్యం ఒకే కసరత్తులో కలిసింది ఇక్కడే.

మిగతాది త్వరగా నడిచింది. 1979లో జాన్ కబట్-జిన్ మసాచుసెట్స్‌లో ధ్యానాన్నీ యోగాసనాల్నీ ఆసుపత్రిలోకి తెచ్చాడు. మన సరుకే అమెరికా ముద్రతో తిరిగొచ్చిందని గొణిగేవాళ్లు గొణగొచ్చు. 1994లో వచ్చిన ఒక అధ్యయనంలో నడుం నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీస్తే 52 శాతం మందిలో డిస్కు ఉబ్బు కనిపించింది. "జారింది" అన్న మాటకు భయపడి మంచమెక్కినవాళ్లు తెలుసుకోవాల్సిన అంకె ఇది. బెంగళూరులోని యోగా విశ్వవిద్యాలయం ఎస్-వ్యాసలో 80 మంది నడుం నొప్పి రోగులకు వారం రోజుల శిక్షణ ఇచ్చి, 2008లో ఫలితాలు ప్రచురించారు. ఉత్త వ్యాయామం చేసినవాళ్ల కంటే ఆసనాలు, ప్రాణాయామం, ధ్యానం కలిపి చేసినవాళ్లకు ఎక్కువ మేలు కనిపించింది. తర్వాత 41 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష కూడా కలగలుపు చికిత్సకే ఓటేసింది, అయితే తేడా మోస్తరేనంది. నొప్పి పూర్తిగా మాయమవుతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

కాళ్లు మొద్దుబారినా, మూత్రం అదుపు తప్పినా, జ్వరంతో పాటు నడుం నొప్పి వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, అప్పుడు కసరత్తు కాదు. అవేవీ లేవని డాక్టరు తేల్చాక, ఈసారి ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు "నొప్పి పుడితే ఆపమంటారా?" అని కాకుండా "ఈ వారం నా లెక్క ఎంత?" అని అడగండి.