సాఫ్ట్‌వేర్ పనిలో శ్రమ విభజన: ఎనియాక్ నుంచి ఫుల్ స్టాక్ వరకు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగ ప్రకటనలను గమనించినట్లయితే డెవలపర్, టెస్టర్, డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్, బిజినెస్ అనలిస్ట్ వంటి పేర్లు వేరువేరుగా కనిపిస్తాయి. వాటి పక్కనే, అన్ని పనులూ ఒక్కరే చేయాలని కోరే ‘ఫుల్ స్టాక్ డెవలపర్’ ప్రకటన కూడా ఉంటుంది. ఈ తేడాకు కారణం సాంకేతికతే అని సాధారణంగా భావిస్తారు. అయితే చరిత్రను పరిశీలిస్తే, ఆలోచించే పని ఎవరిది, అమలుచేసే పని ఎవరిది అని యాజమాన్యాలు తీసుకున్న నిర్ణయాల పాత్రే ఇందులో ఎక్కువని తెలుస్తుంది.

విభజనకు ముందు

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యం కోసం ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఎనియాక్ యంత్రాన్ని నిర్మించడం మొదలుపెట్టారు. ఫిరంగి గుండు ఎక్కడ పడుతుందో తెలిపే పట్టికలను త్వరగా తయారుచేయడం దాని ఉద్దేశం. అంతకుముందు ఆ లెక్కలు చేసిన మహిళల ఉద్యోగం పేరే ‘కంప్యూటర్’. వారిలో నుంచి 1945లో ఆరుగురిని ఎనియాక్ పనికి ఎంపిక చేశారు. వారు కాథ్లీన్ మెక్‌నల్టీ, జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సిస్ బైలస్, రూత్ లిక్టర్‌మన్. వీరికి పాఠ్యపుస్తకం గాని, ప్రోగ్రామింగ్ భాష గాని లేవు. రహస్య ప్రాజెక్టు కావడంతో మొదట్లో యంత్రం దగ్గరకు వెళ్లే అనుమతి కూడా లేదు. కాగితాలపై ఉన్న నిర్మాణ చిత్రాలను చదివి, ఇంజనీర్లను అడిగి నేర్చుకున్నారు. లెక్కను దశలుగా విడగొట్టడం, తీగలు కలిపి స్విచ్‌లు అమర్చడం, తప్పు వస్తే సుమారు 18,000 వాక్యూమ్ ట్యూబుల్లో చెడిపోయినదేదో కనిపెట్టడం, ఇవన్నీ వీరి పనులే. నేటి పేర్లతో చెప్పాలంటే ఇది నలుగురు ఉద్యోగుల పని. అయినా 1946 ఫిబ్రవరిలో యంత్రాన్ని ప్రదర్శించిన రోజు రాత్రి జరిగిన విందుకు వీరిని పిలవలేదు.

ప్లానర్, కోడర్

1947-48లో హెర్మన్ గోల్డ్‌స్టైన్, జాన్ వాన్ నాయ్‌మన్ రాసిన నివేదికలు ప్రోగ్రామ్ తయారీని దశలుగా వివరించాయి. సమస్యను గణితరూపంలోకి తెచ్చి, ఫ్లో చార్ట్ గీయడం శాస్త్రవేత్త పని. దానిని యంత్ర సంకేతాలలోకి మార్చే కోడింగ్ చివర వచ్చే మామూలు పని. అంటే, ఎనియాక్ వద్ద ఒకే మనిషి చేసిన పని కాగితంపై రెండుగా చీలింది. ఆచరణలో ఆ గీత నిలవలేదు. ఫ్లో చార్ట్‌లో కనిపించని చిక్కులు కోడ్ రాసేటప్పుడే బయటపడేవి, వాటిని కోడరే ఆలోచించి తీర్చవలసి వచ్చేది. 1957లో ఐబీఎం విడుదల చేసిన ఫోర్ట్రాన్, యంత్ర సంకేతాలలోకి మార్చే పనిలో పెద్ద భాగాన్ని యంత్రానికే అప్పగించింది. ప్రోగ్రామర్ అవసరం మాత్రం పెరిగిందే గాని తగ్గలేదు.

పెద్ద ప్రాజెక్టుల కాలం

1960లలో వ్యాపార సంస్థల్లో సిస్టమ్స్ అనలిస్ట్, ప్రోగ్రామర్, కీపంచ్ ఆపరేటర్ అనే వరుస స్థిరపడింది. 1964లో ప్రకటించిన సిస్టమ్/360 కోసం ఐబీఎం చేపట్టిన ఆపరేటింగ్ సిస్టమ్ ఆలస్యమైనప్పుడు మరింతమందిని చేర్చారు. ఆలస్యం ఇంకా పెరిగింది. ఆ పనిని నడిపిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో ‘ది మిథికల్ మ్యాన్-మంత్’ గ్రంథంలో దీనిని విశ్లేషించాడు. ఐదుగురు పనిచేస్తే వారి మధ్య 10 జతల సంప్రదింపులు ఉంటాయి, 50 మంది అయితే 1,225. హార్లన్ మిల్స్ సూచనను అనుసరించి, ఆపరేషన్ థియేటర్ వంటి బృందాన్ని ఆయన ప్రతిపాదించాడు. ప్రధాన ప్రోగ్రామర్ సర్జన్, మిగిలినవారు టెస్టర్, పనిముట్లు తయారుచేసేవాడు, భాషా నిపుణుడు మొదలైన సహాయకులు. దీనిని స్పెషలిస్టుల పక్షాన వాదనగా ఉదహరిస్తారు గాని, అది సగం నిజమే. సహాయకులు ఎందరున్నా, మొత్తం రూపకల్పన ఒకరిద్దరి మనసులోనే ఉండాలన్నది బ్రూక్స్ పట్టుదల.

హైదరాబాద్ అనుభవం

విభజించిన పనిని దూరదేశానికి కూడా పంపవచ్చు. తెలుగువారు ఈ చరిత్రలోకి పెద్ద సంఖ్యలో ప్రవేశించింది ఆ దారిలోనే. సంవత్సరాన్ని రెండు అంకెలతో రాసిన పాత కోబాల్ ప్రోగ్రాములను 2000 సంవత్సరం రాకముందే సరిదిద్దవలసి వచ్చింది. తేదీలు ఉన్నచోట్లు వెతకడం, మార్చడం, పరీక్షించడం చిన్న భాగాలుగా పంచడానికి అనువైన పని. అమీర్‌పేట శిక్షణ కేంద్రాలు ఒక్కొక్క టెక్నాలజీ పేరుతోనే కోర్సులు నడిపాయి. అమెరికా వెళ్లిన బంధువును కూడా “ఏ టెక్నాలజీ మీద ఉన్నావు?” అని అడగడం మామూలైంది. ఎన్నో మధ్యతరగతి కుటుంబాలకు ఆ ఒక్క నైపుణ్యమే దారి చూపింది. అయితే గడువు దాటాక ఆ సవరణ పని ముగిసింది, వెంటనే 2001 మాంద్యం వచ్చింది. కొత్త టెక్నాలజీ కోసం మళ్లీ ఫీజు కట్టవలసింది ఉద్యోగే.

మళ్లీ కలిపే ప్రయత్నం

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది ‘ఎజైల్’ ప్రకటనను రూపొందించారు. ఆ ధోరణిలో డెవలపర్లు, టెస్టర్లు ఒకే బృందంగా కూర్చున్నారు. 2009 నుంచి ‘డెవ్‌ఆప్స్’ పేరుతో సర్వర్ల నిర్వహణ కూడా అందులో కలిసింది. దీనిని ఎనియాక్ కాలానికి తిరిగి రావడంగా చూడలేం. ఆ ఆరుగురు యంత్రాన్ని ట్యూబ్ వరకు ఎరుగుదురు, నేటి యంత్రాన్ని అంత లోతుగా ఒక్కరే ఎరగడం సాధ్యం కాదు. పైగా ‘ఫుల్ స్టాక్’ అన్న మాట కొన్ని సంస్థల్లో పని అంతటిపై అవగాహనను, మరికొన్నింటిలో ఒకే జీతానికి ముగ్గురి పనిని సూచిస్తుంది. ప్రకటనలో మాత్రం రెండూ ఒకే పేరుతో ఉంటాయి.