పాల్ ఈజ్ డెడ్ (వదంతి)

'పాల్ ఈజ్ డెడ్' (పాల్ మరణించాడు) అనునది బీటిల్స్ సంగీత బృంద సభ్యుడు పాల్ మెక్‌కార్ట్నీ గురించి 1969లో వ్యాపించిన వదంతి. ఆయన 1966 నవంబరులో కారు ప్రమాదంలో మరణించాడనీ, అవే పోలికలు గల వేరొకరిని రహస్యంగా ఆయన స్థానంలో ఉంచారనీ దీని సారాంశం. 1966 ఆగస్టు తరువాత బృందం కచేరీ పర్యటనలు మానివేయడం దీనికి ఊతమిచ్చింది.

వ్యాప్తి

1969 సెప్టెంబరు 17న అమెరికాలోని డ్రేక్ విశ్వవిద్యాలయ విద్యార్థి పత్రికలో ఈ వదంతిపై వ్యాసం వెలువడింది. అక్టోబరు 12న డెట్రాయిట్ నగరపు రేడియో కార్యక్రమంలో ఒక శ్రోత ఫోను ద్వారా దీనిని ప్రస్తావించాడు. అక్టోబరు 14న 'మిషిగన్ డైలీ' పత్రికలో ఫ్రెడ్ లబోర్ మరికొన్ని "ఆధారాలు" ప్రకటించాడు. వాటిలో కొన్ని తన కల్పనలేనని ఆయన తరువాత అంగీకరించాడు.

ఆధారాలుగా చూపినవి

'అబ్బే రోడ్' ఆల్బం ముఖచిత్రంలో మెక్‌కార్ట్నీ పాదరక్షలు లేకుండా నడవడం మృత్యుసంకేతమని అభిమానులు భావించారు. వెనుకనున్న కారు నంబరులోని "28 ఇఫ్" అనే భాగానికి "జీవించి ఉంటే 28 ఏళ్ళు" అని అర్థం చెప్పారు. 1942 జూన్ 18న జన్మించిన ఆయనకు నిజానికి అప్పటికి 27 ఏళ్ళే.

ఖండన

'లైఫ్' పత్రిక 1969 నవంబరు 7 సంచికలో మెక్‌కార్ట్నీ ఈ వదంతిని స్వయంగా ఖండించాడు. 1993లో అబ్బే రోడ్ ముఖచిత్రాన్ని హాస్యంగా అనుకరిస్తూ 'పాల్ ఈజ్ లైవ్' ఆల్బం విడుదల చేశాడు. యాదృచ్ఛిక విషయాలు ముందుగా ఏర్పడిన నమ్మకానికి సాక్ష్యాలుగా మారే తీరుకు ఈ వదంతి ఒక ఉదాహరణ.