ఉలవలు తిన్న గుర్రాలు

పామర్రు సెంటర్లో నిలబడితే ఒక దారి బెజవాడకి, ఒకటి బందరుకి, ఒకటి గుడివాడకి, ఇంకోటి కూచిపూడి మీదుగా చల్లపల్లికి పోతాయి. బందరు దారి ఇప్పుడు జాతీయ రహదారి, నంబరు 65. నున్నటి రోడ్డు. కానీ శ్రావణమాసంలో ఆ రోడ్డు దిగి ఒక్క గజం చేలోకి అడుగు పెట్టి చూడండి. కాలు ఒకచోట, చెప్పు ఒకచోట. ఈ నల్లమట్టికి ఎడ్లు అలవాటు, గేదెలు అలవాటు, మనం అలవాటు. గుర్రానికి మాత్రం ఇది పరాయి నేలే.

నా చిన్నప్పుడు గుర్రం అంటే మాకు రెండు రకాలే తెలుసు. ఒకటి గుడివాడ స్టేషన్ బయట నిలబడే జట్కా గుర్రం. మా అమ్మమ్మ బండి వెనక తట్టు కూర్చుని కొంగు తలమీద కప్పుకునేది. ఇంకోటి పెళ్ళి ఊరేగింపులో బేండు మేళం మోతకి బెదిరిపోయే గుర్రం. దానిమీద పెళ్ళికొడుకు అంతకన్నా ఎక్కువ బెదిరిపోతూ కూర్చునేవాడు.

మొన్న సంక్రాంతికి మా మరిది వాళ్ళు హైదరాబాదు నుంచి వచ్చారు. కనుమ మర్నాడు పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నం భోజనాలకి ఇంటికి వచ్చేసేటట్టు మంగినపూడి బీచ్‌కి వెళ్ళాం. వాళ్ళబ్బాయికి కొత్త జీపు మోజు. రోడ్డున్న చోట రోడ్డు మీద నడపడం వాడికి నామోషీ. సరుగుడు తోటల పక్కన మట్టిబాటలోకి దింపాడు. మంగినపూడి గట్టి ఇసుక తీరం కాదు కదండీ, బురద కలిసిన నల్లమట్టి. ముప్పావుగంట చక్రాలు తిరిగాయి గానీ జీపు తిరగలేదు. చేపలవాళ్ళు నలుగురు వచ్చి తోశారు. "దీనికోసం జనం డబ్బులిచ్చి మరీ వెళ్తారు పిన్నీ" అన్నాడు మా వాడు సంతోషంగా!

బీచ్‌లో గుర్రం సవారీ ఉంది. మా అమ్మాయి ఎక్కుతానంది. "ఆడపిల్ల గుర్రమెక్కడమేమిటే" అని అత్తయ్యగారు గొణిగారు గానీ, అప్పటికే ఎక్కేసింది. దాని సవారీ అయ్యేదాకా నేను ఆ గుర్రం యజమానితో మాట కలిపాను. ఏం పెడతావయ్యా దీనికి అని అడిగితే, తవుడు, గడ్డి, నానబెట్టిన ఉలవలు అన్నాడు. "ఉలవల రేటు మండిపోతోందమ్మా, మీరందరూ చారు కాచేస్తున్నారు" అని నవ్వాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. ఇంటికొచ్చాక పాత పుస్తకాలన్నీ దింపాను. ఈ ఒడ్డున గుర్రం కథ వెతికితే ప్రతిచోటా చివరికి దాణా దగ్గరికే చేరాను.

బందరునే తీసుకోండి. గోల్కొండ సుల్తానుల కాలంలో దీన్ని మించిన రేవు ఈ తూర్పు తీరంలో లేదు. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ 1652లో పారశీక దేశపు బందర్ అబ్బాస్‌లో ఓడెక్కి మన బందరులో దిగాడు. ఆ ఓడ గోల్కొండ సుల్తానుది. అందులో మనుషులే కాదు, పారశీక రాజు గోల్కొండ రాజుకి పంపిన 55 గుర్రాలు కూడా ఉన్నాయని రాశాడు. దారిలో ఓడకి చిల్లులు పడి నీళ్ళు నిండుతుంటే, సరుకులో ఉన్న తోళ్ళని బొక్కెనలుగా కుట్టి తోడిపోశారట. నడిసముద్రంలో, ఊగిపోతున్న ఓడలో 55 గుర్రాలంటే ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. మనకి బస్సులో ఒక్క మేక ఎక్కితేనే గోల.

అంత కష్టపడి వచ్చినా బందరులో ఓడ తిన్నగా ఒడ్డుకి రాదు. తీరం మేటవేసి లోతు తక్కువ. పెద్ద ఓడలు మైళ్ళ దూరంలో లంగరు వేసుకుంటే సరుకంతా చిన్న పడవల్లో దింపాల్సిందే. అక్కణ్ణుంచి గోల్కొండ 100 కోసులని టావెర్నియర్ లెక్క. వజ్రాల గనుల మీదుగా వెళ్తే 112. ఆ దారిలో బండ్లు నడవవు, సరుకంతా ఎద్దుల మీదా గుర్రాల మీదా వెళ్తుంది అంటాడు. తన చిన్న బండిని గోల్కొండ దాకా తీసుకెళ్ళడానికి చాలాచోట్ల దాన్ని ఊడదీసి మోయించి మళ్ళీ బిగించాల్సి వచ్చిందట. మా మరిది కొడుక్కి ఇది చదివి వినిపించాను. "అసలు ఆఫ్‌రోడ్ అంటే అదీ" అన్నాడు.

ఇంకా వెనక్కి వెళ్దాం. చీరాల దగ్గర మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన శాసనం ఉంది. తుఫానుకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా అంతకుముందు రాజులు లాగేసుకునేవారు. ఇకమీద అలా జరగదు, నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోం అని ఓడల వ్యాపారులకి అభయం ఇచ్చాడు. అదే మోటుపల్లిని తర్వాత మార్కోపోలో ముత్ఫిలి అన్నాడు. అక్కడ రాణి పరిపాలన గురించీ, సాలెగూడంత సన్నని బట్టల గురించీ మెచ్చుకుంటూ రాశాడు. ఆ రాణిని రాజుగారి విధవ అన్నాడు. రుద్రమదేవి గణపతిదేవుడి కూతురని మనకి తెలుసు కదా.

అదే మార్కోపోలో కిందనున్న తమిళ తీరం గురించి రాసినది ఆడవాళ్ళం మనం చదవాలి. అక్కడి రాజులు ఏటా వేలకొద్దీ గుర్రాలు అరబ్బు, పారశీక రేవుల నుంచి బంగారం పోసి కొంటారు, ఏడాది తిరిగేసరికి వంద కూడా మిగలవు అంటాడు. ఎందుకయ్యా అంటే, వాటిని చూసుకోవడం తెలిసినవాళ్ళు లేరు, గుర్రాల వైద్యుల్ని వ్యాపారులే రానివ్వరు, పైగా వాటికి పెట్టేది అన్నం, మాంసం కలిపి వండిన వంట! మంచి జాతి గుర్రాలకి పుట్టిన పిల్లలు కూడా ఇక్కడ వంకరకాళ్ళతో సవారీకి పనికిరాకుండా పుడతాయని కూడా అన్నాడు. పరాయి యాత్రికుడు కాస్త పెంచి రాసి ఉండొచ్చు. కానీ అన్నం తింటే బలం అనుకునే మనవాళ్ళు గుర్రానికీ అన్నమే పెట్టి ఉంటారని నేను ఇట్టే నమ్ముతాను. ఇంటికొచ్చిన చుట్టాన్ని మనం చంపేది కూడా అలాగే కదా!

అంటే చచ్చిపోతున్నకొద్దీ కొంటూ ఉండాలి. ఈ వ్యాపారంలో రాజుకి ఎంత అవసరమో చెప్పడానికి పోర్చుగీసు నూనిజ్ రాసిన ముక్క ఒకటి చాలు. విజయనగరాన్ని ఏలిన సాళువ నరసింహరాయలు గుర్రాలు బతికున్నా చచ్చినా సరే, వెయ్యి వరహాలకి మూడు లెక్కన కొనేవాడట. సముద్రంలో చచ్చిపోయిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్న గుర్రానికి ఇచ్చినంతా ఇచ్చేవాడట. విజయనగర రాజు ఏటా 13,000 గుర్రాలు కొంటాడని కూడా నూనిజ్ రాశాడు.

డిగ్రీలో ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసం, రాజనీతి భాగం చదివిన వాళ్ళకి ఇది గుర్తొస్తుంది. రేవుల్ని బాగుచేయాలి, గుర్రాలూ ఏనుగులూ తెచ్చే దూరదేశపు వర్తకులకి ఊళ్ళూ ఇళ్ళూ ఇచ్చి, మంచి ధరిచ్చి మనవాళ్ళని చేసుకోవాలి, ఆ గుర్రాలు శత్రువుకి పోనివ్వకూడదు అని కృష్ణదేవరాయలు చెబుతాడు. క్లాసులో మాకది పరీక్షకి వచ్చే ప్రశ్న, అంతే. ఆ కావ్యం రాయమని ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి చెప్పినది మన కృష్ణ ఒడ్డున శ్రీకాకుళంలో. కళింగం మీద దండెత్తి వెళ్తూ రాయలు బెజవాడలో ఆగి, అక్కణ్ణుంచి అక్కడికి వెళ్ళి ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. మా పామర్రు నుంచి ఘంటసాల వైపు వెళ్తే ఆ గుడి ఎంతో దూరం లేదు. రాజుగారు ఉపవాసం ఉన్నారు సరే, ఆయన గుర్రాలు ఉండవు కదా. ఆ పూట ఆ దళానికి దాణా, గడ్డి, నీళ్ళు చుట్టుపక్కల పల్లెల నుంచి కాక ఇంకెక్కడి నుంచి వస్తాయి? కావ్యంలో ఆ పల్లెల ఊసు లేదు. ఉండాలని నేను అనను. కావ్యం కావ్యమే. కానీ ఆ గుడికి వెళ్ళినప్పుడల్లా నాకిక ముందు గుర్తొచ్చేది అదే.

గుర్రాన్ని చూసుకునేవాడి పేరు మిగలడం అరుదు. కాకతీయుల దగ్గర సాహిణి అని బిరుదు ఉండేది, అశ్వదళానికి పెద్ద. గంగయ సాహిణి లాంటి వాళ్ళు శాసనాలకి ఎక్కారు. అది దళపతి పేరు, మేత వేసేవాడిది కాదు. పేరు మిగిలినవాడు నాకు తెలిసి ఒక్కడే, సిద్ధార్థుడి గుర్రం కంథకాన్ని చూసుకున్న ఛన్నుడు. అమరావతి శిల్పాల్లో సిద్ధార్థుడు ఇల్లు విడిచి వెళ్ళే ఘట్టం చూడండి. మొదటి కాలపు పలకల్లో గుర్రం మీద ఎవరూ కనబడరు. గుర్రం, పైన గొడుగు, అంతే. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కని రోజులవి. కృష్ణ ఒడ్డున మనకి దొరికిన పాత గుర్రాల్లో ఒకటి అలా ఖాళీ వీపుతో నడుస్తోంది.

ఇక ఆడవాళ్ళ సంగతి. అత్తయ్యగారి గొణుగుడికి జవాబు ఓరుగల్లు దగ్గర బొల్లికుంటలో దొరికింది. 2017లో పురావస్తు శాఖ వాళ్ళు అక్కడి రెండు శిల్పాలు రుద్రమదేవివని చెప్పారు. ఒకదాంట్లో ఆమె గుర్రం మీద కూర్చుని ఉంది, ఒక చేత కళ్ళెం, ఒక చేత కొరడా. రెండోదాంట్లో అలిసిపోయి ఒరిగి ఉంది, పక్కన యముడి దున్నపోతు. నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం ప్రకారం 1289లో ఆమె చనిపోయింది. ఫోటో చూపిస్తే అత్తయ్యగారు కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. "రాణిగారు కనక ఎక్కింది" అన్నారు చివరికి. ఆవిడన్నదీ నిజమే. ఈ గడ్డమీద మొగవాళ్ళు మాత్రం ఎంతమంది ఎక్కారు గనక? రాజు, రౌతు, పెళ్ళికొడుకు. మిగతా ఊరంతా ఎద్దుబండి, కాలినడక. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలువలు తవ్వాక పడవ.

ఇప్పుడు దాణా. ఉలవలు మన దక్షిణాది నేలమీద పండటం కొత్త రాతియుగం నుంచీ ఉంది. అంటే నాలుగు వేల ఏళ్ళ పైమాట. సముద్రం మీద గుర్రాలు దిగకముందే మనుషులు తిన్న గింజ ఇది. నీళ్ళు తక్కువైనా పండుతుంది కనక మెట్ట పంట. మన మాగాణిలో వరి కోశాక చల్లేది మినుములూ పెసలూ గానీ ఉలవలు కాదు, అవి మెట్ట నుంచి బస్తాల్లో రావాల్సిందే. తర్వాత ఇంగ్లీషు దళాలు వచ్చి మద్రాసు వైపు తమ గుర్రాలకి వీటినే ఉడకబెట్టి పెట్టించాయి. ఆ భాషలో దీని పేరే హార్స్ గ్రామ్ అయిపోయింది. గ్రామ్ అన్నది గింజ అనే అర్థంలో పోర్చుగీసు వాళ్ళ మాట. పాపం, మనుషుల గింజకి గుర్రం పేరు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని మనకి సామెత ఉండనే ఉంది.

మా అమ్మమ్మ ఇంట్లో గుర్రాలు లేవు, రెండు జతల ఎడ్లుండేవి. దుక్కుల రోజుల్లో సాయంత్రం పెరట్లో పొయ్యిమీద పెద్ద కుండతో ఉలవలు పడేసేది. రాత్రంతా సన్నటి సెగమీద ఉడికేవి. తెల్లారగట్ల లేచి ఉలవలు వార్చి చల్లార్చి ఎడ్లకి పెట్టేది. వార్చిన కట్టు ఇంట్లోకి తెచ్చి చింతపండు పిసికి, చిక్కబడేదాకా మరిగించి, వెల్లుల్లి వేసి తాలింపు పెట్టేది. దానిమీద వెన్న వేసుకుంటే, అబ్బ! పశువు తిన్నాక మిగిలిన నీళ్ళది ఆ రుచి. ఎన్ని ఏళ్ళు తెల్లారగట్ల లేచిందో ఆవిడే ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు.

ఎడ్లు పోయి ట్రాక్టర్లొచ్చాయి. ఇప్పుడు బెజవాడ హోటళ్ళలో ఉలవచారు బిర్యానీ అంటే లైను. నేనూ నెలకోసారి కాస్తాను, కుక్కర్లో. కట్టు వంచేశాక ఉలవలు గిన్నెడు మిగిలిపోతాయి. గుగ్గిళ్ళు చేస్తే మా వారు ఒకరే తింటారు, పిల్లలు ముట్టరు. మిగిలినవి మా వీధి చివర గేదెలున్న వాళ్ళింటికి పంపించేస్తాను.