రమ్మీ తీర్పులో మరిచిపోయిన సగం

పదమూడు ముక్కల రమ్మీ జూదం కాదని సుప్రీంకోర్టే చెప్పిందన్న మాట పేకాట క్లబ్బుల్లో యాభై ఏళ్లకు పైగా వినబడుతోంది. మాట నిజమే, కానీ తీర్పు అక్కడితో ఆగలేదు. 1963 మే నెలలో పోలీసులు సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుపై దాడి చేసి, డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నవారిపై నిజాం కాలం నాటి హైదరాబాద్ జూద చట్టం కింద కేసు పెట్టారు. మేజిస్ట్రేటు వేసిన శిక్షను హైకోర్టు కొట్టేస్తే, రాష్ట్ర ప్రభుత్వం ఢిల్లీ దాకా వెళ్లింది. 1967 నవంబరు తీర్పులో జస్టిస్ హిదయతుల్లా మూడు ముక్కలాట వేరు, రమ్మీ వేరు అన్నారు. రమ్మీలో ఏ ముక్క పడిందో గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తేల్చుకోవాలి కనుక అందులో నైపుణ్యానిదే పైచేయి. నా దృష్టిలో అంతకంటే విలువైన భాగం ఆ తర్వాత ఉంది. క్లబ్బు వసూలు చేసిన రుసుము బిలియర్డ్స్‌కో టెన్నిస్‌కో తీసుకునేలాంటిదేనా, లేక ఆట మీద లాభమా అని కోర్టు లెక్క చూసింది. మోతాదు మించలేదని వదిలేసింది. నిర్వాహకుడు లాభం దండుకుంటున్నట్టు రుజువైతే మాత్రం, ఆట రమ్మీయే అయినా నేరం నిలబడవచ్చని స్పష్టంగా రాసింది.

అసలు అడగాల్సిన ప్రశ్న ఇదే: డబ్బు ఎవరి చేతిలో మిగులుతోంది? పత్రికల్లో పదబంధ పోటీలు లక్షలమందిని ఆకర్షించిన రోజుల్లో, ఆంధ్ర, హైదరాబాద్ సహా పలు రాష్ట్రాల శాసనసభలు కోరగా, పార్లమెంటు 1955లో బహుమతి పోటీల చట్టం చేసింది. నెలకు మొత్తం 1,000 రూపాయలు దాటిన బహుమతులుండే పోటీలను అది నిషేధించింది. అంతకు లోపువాటికి లైసెన్సు, లెక్కలు తప్పనిసరి చేసింది. పోటీ ఎంత పెద్దది, లెక్క ఎవరు చూపాలి అన్నవే అక్కడి కొలబద్దలు. అయితే 1957లో సుప్రీంకోర్టు నైపుణ్య పోటీలను ఆ చట్టం పరిధిలోంచి బయటికి తీసింది. అప్పటినుంచి వాదనంతా అదృష్టమా, నైపుణ్యమా అన్నదాని చుట్టూ తిరిగింది. ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు సికింద్రాబాద్ తీర్పులోని మొదటి సగాన్నే పట్టుకుని, ప్రతి పందెంలోనూ తమ కమీషన్ తీసుకుంటూ ఎదిగాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి అడ్డుకున్నాయి. 2025 కేంద్ర చట్టం నైపుణ్యమైనా అదృష్టమైనా సరే, డబ్బు కట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది.

ఈ లెక్కన రుసుము తీసుకునే చదరంగం పోటీ కూడా నేరమవుతుందా అని అడగవచ్చు. కాదు. అక్కడ ప్రవేశ రుసుము ముందే తెలుసు, బహుమతి ముందే ప్రకటిస్తారు. ఓడినవాడు మళ్లీ మళ్లీ పందెం పెంచితే నిర్వాహకుడి ఆదాయం పెరిగే ఏర్పాటు అందులో లేదు. గుడికో, ఆసుపత్రికో చందా కోసం లక్కీ డ్రా తీసేవారి అభ్యంతరం ఇంకా బలమైనది: మంచిపనికి ఈ ఆంక్షలెందుకు? ప్రభుత్వ అనుమతి లేని లాటరీ కార్యాలయాన్ని నేరంగా చూసిన 1870 నాటి శిక్షాస్మృతి సవరణ సేవాభావానికి మినహాయింపు ఇవ్వలేదు. అది కఠినంగా కనిపిస్తుంది గానీ, సేవ పేరుతో అమ్మిన టికెట్ల డబ్బు సేవకే చేరిందని కొన్నవాడికి తెలిసే దారి మరొకటి లేదు. చిన్న సంఘాలను కలెక్టరేట్ల చుట్టూ తిప్పడం మాత్రం అన్యాయమే. ఒక పరిమితి లోపు డ్రాలకు సులువైన నమోదు చాలు. ఎన్ని టికెట్లు అమ్మారు, ఎంత ఖర్చయింది, ఎంత అందజేశారు అన్నది మాత్రం డ్రా తీసిన చోటే గోడకు అంటించి తీరాలి.